బడికి కట్టిన షామియానా

పుంగనూరులో పెళ్ళి కుదిరినా, సున్తీ పెట్టుకున్నా, ఎవరైనా పోయినా, బంధువులకంటే ముందు కబురందేది అలావుద్దీన్‌కే. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు బాడుగకిచ్చే అంగడి అతనిది. పొద్దున లేచింది మొదలు అతను చేసే పని ఒక్కటే, బాగాలేని చోటును ఒక పూటకు బాగున్నట్టు చూపించడం. పెచ్చులూడిన గోడ ముందు జిగేలుమనే పరదా కట్టేస్తాడు. తుప్పు పట్టిన కుర్చీకి తెల్ల కవరు తొడిగి వెనకాల ఎర్ర రిబ్బను ముడి వేస్తాడు. మురికి కాలువ మీద పలకలు పరిచి, పైన పచ్చ తివాచీ వేసి, పెళ్ళికొడుకును దర్జాగా దాని మీదే నడిపిస్తాడు. తప్పేముంది, అది బతుకుతెరువు. కాకపోతే చేతికి అలవాటైన పని ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయకూడదో చేతికి తెలియదు. అతని కొంప ముంచింది అదే.

వాళ్ళ వీధి చివర మున్సిపల్ బడి ఒకటుంది. ఉంది అనకూడదు, ఉండేది అనాలి. అలావుద్దీన్ నాలుగు అక్షరాలు నేర్చుకున్నది అక్కడే. అప్పట్లో మనవరాలు తహసీన్ అక్కడే ఆరో తరగతి. కొడుకు జుబేర్ బెంగుళూరులో ఏసీ మెకానిక్కు, నెలకో రెండు నెలలకో వస్తాడు. కోడలు జబీన్, పిల్ల తహసీన్ ఇక్కడే ఉంటారు. ఆ బడి పైకప్పు ఎప్పుడో సచ్చిపోయింది. లోపలి ఇనుపకమ్ములు పక్కటెముకల్లా బయటికి కనిపించేవి. చినుకు పడితే చాలు, పిల్లలందరూ పుస్తకాలు నెత్తిన పెట్టుకుని వరండాలో ఒకే మూలకు చేరేవాళ్ళు. అయినా వీధిలోని ఆడపిల్లలంతా అక్కడికే వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఇంకో బడి బైపాస్ రోడ్డు అవతల ఉంది. ఆ రోడ్డు మీద మదనపల్లె మార్కెట్‌కు పోయే టమాటా లారీలు ఒళ్ళు తెలియకుండా పోతుంటాయి, దాటే చోట సారాయి అంగడి ఉంది. దాన్ని దాటించి కూతుర్ని బడికి పంపే ధైర్యం ఆ వీధిలో ఏ తల్లికీ లేదు. ఈ బడి మూతపడితే ఆ పిల్లల చదువు కూడా మూతపడినట్టే. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు, తల్లిదండ్రుల కమిటీ పెద్ద అయిన అలావుద్దీనే.

కుప్పం వైపు నుంచి బైరప్ప అని ఒక శాసనమండలి సభ్యుడు ఉండేవాడు. పంతులు పని చేసి రిటైరైన మనిషి, చొక్కా మడత నలగనివ్వడు, మాట నలగనివ్వడు. పుంగనూరులో ఏదో పెళ్ళికి వచ్చి అలావుద్దీన్ కుర్చీలోనే కూర్చున్నాడు. అలావుద్దీన్ చేతులు కట్టుకుని పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, ఇంటి పన్నుతో పాటు బడి పన్ను అని కూడా మా దగ్గర కట్టించుకుంటాండారు. నేను ఒక్క ఏడు కూడా ఎగ్గొట్టినోణ్ణి కాదు. ఆ దుడ్డు యాడికి పోతాండాది సార్? మా బడి పైకప్పు దాకా మటుకు రాలేదు."

బైరప్ప తింటున్న చెయ్యి ఆపాడు.

"ఇది అడగాల్సిన మాటప్పా. నేను మండలిలో అడుగుతా. మంత్రితో నోరు తెరిపిస్తా సూడు."

ఆ పూటే పోయి బడిని చూసి వచ్చాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు, ఆ పాటి మనుషులు ఇంకా ఉన్నారు. పుంగనూరులో ఈ బడి కూలేటట్టు ఉన్న మాట నిజమేనా, బడి పేరుతో వసూలు చేసే పన్ను బడికి ఎందుకు ఖర్చు కావడం లేదు, కొత్త గదులు ఎప్పుడు కడతారు అని ప్రశ్న రాసి పంపాడు. ప్రశ్న వచ్చాక సర్కారు ఊరికే ఉండకూడదు, జవాబు చెప్పాలి. జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు వచ్చి బడిని కళ్ళతో చూడాలి. మదనపల్లె నుంచి ఆఫీసరు వస్తున్నాడని హెడ్మిస్ట్రెస్ నాగరత్నమ్మకు ముందురోజు ఫోను వచ్చింది.

ఆమె అలావుద్దీన్‌ను పిలిపించి సంగతి చెప్పింది. "ఉండేది ఉండేట్లు సూపిద్దామప్పా. చెత్త కూడా ఊడ్చొద్దు అంటాను నేను."

అలావుద్దీన్‌కు ఆ మాట అస్సలు మింగుడు పడలేదు. వాళ్ళ ఇంట్లో పక్కింటి నుంచి అడిగి తెచ్చైనా సరే, వచ్చినవాడికి మంచి పళ్ళెంలోనే వడ్డిస్తారు. చిరిగిన చాప మడిచి దాచి, అల్లుడి కోసం ఉంచిన దుప్పటి పరుస్తారు. లేమిని గడప దాటనివ్వకపోవడమే వాళ్ళకు తెలిసిన మర్యాద.

"ఇన్నేండ్లకు ఒక ఆఫీసరు మన వీధిలో కాలు పెడతాండాడు మేడం. కారే వరండాలో నిలబెట్టేదా? రేపు మన మొగం మీద ఎవురన్నా ఉమ్మేస్తారు. ముందు కూర్చోబెడదాం, నాలుగు మెతుకులు పెడదాం. తిన్నాక నేనే చెయ్యి పట్టుకోని లోపలికి పిలుచుకోని పోయి పైకప్పు సూపిస్తా. కడుపు నిండినోడు నిదానంగా వింటాడు."

నాగరత్నమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. కమిటీ పెద్దతో తగువెందుకులే అనుకుందేమో. ఆమె ఆ రోజు నోరు మూసుకోకుండా ఉండాల్సింది.

ఇక చూడండి సంబరం. వీధిలో మగవాళ్ళు సున్నం కొట్టారు. అలావుద్దీన్ భార్య ఇమాంబీ పెద్ద డేగిసా పొయ్యి మీదికెక్కించి బిర్యానీ చేసింది. అలావుద్దీన్ తన అంగట్లో పెద్దింటి పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే కొత్త షామియానా తెచ్చి, సరిగ్గా కమ్ములు బయటపడ్డ వరండా కప్పు కిందే కట్టాడు. కావాలని కాదు, దేవుడి మీద ఒట్టు. పెచ్చులు ఆఫీసరు నెత్తిన రాలకూడదని కట్టాడు. పిల్లలందరికీ తెల్ల కవర్ల కుర్చీలు వేశాడు. "మురికి చేతులు పెట్టొద్దండి, ఎనక్కి ఆనుకోవద్దండి," అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోయాడు. తహసీన్ ముందు వరసలో, కాళ్ళు నేలకందక, నిటారుగా కూర్చుంది.

ఆఫీసరు వచ్చాడు, దండ వేయించుకున్నాడు. షామియానా కింద నిలబడి ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. బిర్యానీ తిని రెండోసారి పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటుండగా ఏదో ఫోను వచ్చింది, మాట్లాడుకుంటూనే కారెక్కాడు. అలావుద్దీన్ కారు పక్కన పరుగెత్తాడు.

"సార్, లోపల గదులు సూడలేదు సార్. పైకప్పు ఒక్కసారి."

"అంతా సూసినాలే భాయ్. బ్రహ్మాండంగా పెట్టుకోనుండారు బడిని. ఊరోళ్ళు ఇట్ల పట్టించుకుంటే ఇంక గవర్నమెంటుతో పనేముండాది?"

కారు పోయింది. చెప్పడానికి సిగ్గుచేటు గానీ, ఆ మాటకు అలావుద్దీన్ లోలోపల పొంగిపోయాడు. మెచ్చుకున్నవాడు అడిగింది ఇవ్వకపోతాడా అనుకున్నాడు పిచ్చివాడు.

మండలిలో ప్రశ్న వచ్చిన రోజు అంగట్లో టీవీ ముందు సగం వీధి చేరింది. బైరప్ప లేచి అడిగాడు. మంత్రిగారు కాగితం చూసి చదివాడు. బడి కూలేటట్టు ఉన్న మాట నిజం కాదు. పన్ను సొమ్ము అవసరాన్ని బట్టి ఖర్చు చేయబడుతున్నది. కొత్త గదుల ప్రశ్న ఉత్పన్నం కాదు. బైరప్ప ఊరుకోలేదు, నేను కళ్ళారా చూశాను అధ్యక్షా అన్నాడు. అప్పుడు మంత్రిగారు నవ్వుతూ ఒక ఫొటో పైకెత్తి చూపించాడు.

"గౌరవ సభ్యులు ఏ బడి చూశారో నాకు తెలియదు అధ్యక్షా. ఆ బడి ఇది. ఇలాంటి కుర్చీలు మన సభలో కూడా లేవు."

సభంతా గొల్లున నవ్వింది. టీవీ వాళ్ళు ఫొటోను దగ్గరగా చూపించారు. ముందు వరసలో తహసీన్.

"మన తహసీన్ టీవీలో వచ్చింది," అంది ఇమాంబీ, మొహం వెలిగిపోతూ. అలావుద్దీన్ లేచి టీవీ ఆపేశాడు. తన షామియానా చారలు అతను ఎక్కడున్నా గుర్తు పడతాడు. తన చేతులతో తన బడికే గోరీ కట్టానని అతనికి అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మరుసటి రోజు బస్సెక్కి కుప్పం పోయాడు. బైరప్ప తలుపు తీసి, లోపలికి పిలిచి, నీళ్ళిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నన్ను సూసి నవ్వినారని కాదప్పా నా బాధ. జీవితమంతా పిల్లోళ్ళ నడుమ నిలబడి పాఠం చెప్పినోణ్ణి, నవ్వులకు ఏమీ కాను. ఆ బడికి ఏమీ అక్కర లేదని సభలో ఒక మంత్రి చెప్పేసినాడు. రేపు నువ్వు యా ఆఫీసుకు పోయినా, ఆ మాటే నీ మొగాన పెడతారు."

"మళ్ళా ఒక్కసారి అడగండి సార్. ఈసారి షామియానా లేకుండా సూపిస్తా."

"జవాబు వచ్చిన ప్రశ్నను మళ్ళీ అడగనియ్యరప్పా, అదొక రూలు. అదేమో గానీ, నువ్వు యాల కట్టినావప్పా దాన్ని?"

"మర్యాదకు కట్టినా సార్."

"ఆయప్ప నీ ఇంటికి చుట్టంగా రాలేదు. జవాబు రాసుకోను వచ్చినాడు."

అలావుద్దీన్ తల వంచుకుని బస్టాండుకు నడిచాడు.

వానలు మొదలయ్యాయి. ఒక ఆదివారం వరండా కప్పు సగం ఊడి కింద పడింది. పిల్లలు లేరు కాబట్టి బతికిపోయారు. ఎండాకాలంలో బ్రహ్మాండంగా ఉన్న బడి వానాకాలానికి ప్రమాదకరమైపోయింది. రెండు ముక్కలూ రాసింది ఒకే ఆఫీసరు, అదే పెన్నుతో రాశాడేమో కూడా. సిగ్గు అన్నది ఎక్కడుంటుందో మరి. బడికి తాళం వేసి, పిల్లలను బైపాస్ అవతలి పెద్ద బడిలో కలిపేశారు. కొత్త గదులా? అవి కట్టరని సభలో ముందే చెప్పారు కదా.

మగపిల్లలు పోయారు. ఆడపిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. అలావుద్దీన్ కొన్నాళ్ళు తహసీన్‌ను తన సామాను ఆటోలో కూర్చోబెట్టుకుని దించి వచ్చాడు. పెళ్ళి ముహూర్తాలు వచ్చేసరికి తెల్లారకముందే పనికి పోవాల్సి వచ్చింది. పిల్ల ఒకరోజు ఒంటరిగా రోడ్డు దాటబోయి లారీ కిందికి పోవాల్సింది, టీ అంగడాయన చెయ్యి పట్టి లాగాడు. ఆ సాయంత్రమే జబీన్ పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టేసింది. జుబేర్ ఫోనులో సరే అన్నాడు. అలావుద్దీన్ వద్దని గట్టిగా అనలేకపోయాడు. ఏ మొహం పెట్టుకుని అంటాడు?

కొత్త ఏడాది ఇంటి పన్ను నోటీసు వచ్చింది. అందులో బడి పన్ను అలాగే ఉంది. పోయి కట్టి వచ్చాడు.

ఆ తర్వాత ఒకనాడు మదనపల్లె నుంచి ఫోను. అదే ఆఫీసరు, అదే గొంతు.

"భాయ్, మీ బైపాస్ కాడ పెద్ద బడిలో ఫంక్షను. పెద్దోళ్ళు వస్తాండారు. ఆ పొద్దు కట్టినావు సూడు, సేమ్ అట్లే కట్టల్ల. కుర్చీలకు కూడా ఆ తెల్ల కవర్లే."

కాదనే మాట నోటి దాకా వచ్చింది. కాదంటే అంగడి లైసెన్సు గుర్తొస్తుంది వాళ్ళకు, రోడ్డు మీదికి వచ్చిన అరుగు గుర్తొస్తుంది. అట్లే సార్ అన్నాడు. అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున బడి గంట కొట్టే వేళకు తహసీన్ అంగట్లో నేల మీద కూర్చుని కవర్లకు రిబ్బన్లు ముడి వేస్తోంది. చిన్న వేళ్ళు, పని తొందరగా పట్టుబడింది. అలావుద్దీన్ ముడివేసిన కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చి ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

"దాదా, ఈ కుర్చీలు యాడికి పోతాండాయి?"

"బడికి."

"యా బడికి?"

"బైపాస్ అవతల బడికి."

తహసీన్ ముడి వేయడం ఆపి, ఆటో వైపు చూసింది.

"కుర్చీలు పోవచ్చు గానీ నేను పోగూడదా దాదా?"

అలావుద్దీన్ ఇంకో కుర్చీ అందుకున్నాడు.