కొట్టేసిన పేరు

చర్చిలో కాంపౌండరు కూర్చునే రెండో బెంచీ దగ్గర ఇప్పటికీ ఫినాయిలు వాసన వచ్చినట్టే ఉంటుంది. పశువుల ఆసుపత్రిలో, ఇక బతకదన్న జీవికి ఆఖరి సూది వేసేముందు, ఆయన దాని చెవి నిమిరి, "ఏదెను తోటలో పండు తిన్నది మావాళ్లు, నొప్పి నీకొచ్చింది. క్షమించు తల్లీ" అనేవాడు. ఏటా చర్చిలో గతించినవాళ్ల పేర్లు చదివేదీ ఆయనే. ఓ ఏడు వాళ్లమ్మ పేరు తర్వాత, తన చేతుల్లో పోయిన గుడ్డి గుర్రం పేరూ కలిపి చదివేశాడు.

"జంతువులకు నిత్యజీవం ఉందని ఎక్కడ రాసుందయ్యా?" అంటూ పాస్టరుగారు కాగితం లాక్కుని ఆ పేరు ఎర్రసిరాతో కొట్టేశారు. "పాపం చేసిన మనకే ఉందంటే, పాపమెరగనిదానికి లేకుండా పోతుందాండీ?" అన్నాడు కాంపౌండరు నెమ్మదిగా. నిరుడు ఆయనా పోయాడు. ఈ ఏడు ఆ పాత కాగితం పాస్టరుగారే చదివారు. చివర కాంపౌండరు పేరు చేర్చి చదివి, తాను కొట్టేసిన పేరు కూడా చదివారు.