లాంచీలో పాణి

ఆ రోజుల్లో ఒరిస్సా కొత్త రాష్ట్రం, నేను కొత్త ఉద్యోగిని. ఇద్దరికీ ఇంకా ఒకరి మాట ఒకరికి తెలిసేది కాదు. శ్రీకాకుళం నుంచి నన్ను తనకు సాయంగా రంభకు రప్పించింది మా మేనమామ. అక్కడ ఒక జమీందారుగారి మోటారు లాంచీని చిలకా సరస్సులో నడిపేవాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత టేకు లాంచీ (అని అందరూ అనేవారు). ఏ ఊళ్లో కట్టారో తెలుసుకోవాలని నాకు ఒకటే కుతూహలం. ముందువైపు ఇత్తడి పలక ఉండేది గానీ, మామయ్య ఏళ్ల తరబడి చింతపండుతో తోమడంవల్ల అక్షరాలు పోయి నా ముఖమే కనిపించేది. "అచ్చరాలెందుకురా, మెరుస్తంది, సాలదా?" అనేవాడు.

ఆ వేసవిలో లాంచీని ఒడ్డుకు లాగి, ఇంజను విప్పి, చెక్కల సందుల్లో జనుము కూరి తారు పూశాం. కొత్త ప్రభుత్వపు అధికారి ఒకరు సరస్సు చూడ్డానికి వస్తున్నారు. ఆయన్ని క్షేమంగా తిప్పితే సరి, లేకపోతే లాంచీని అమ్మేస్తామన్నారు జమీందారుగారు. అమ్మేస్తే మామయ్యకు మళ్లీ రామయ్యపట్నంలో సముద్రం మీద చేపల వేటే (అలలంటే ఆయనకు వాంతులు).

ఇంజను ఒడ్డునే ఉంచి, లాంచీని నీళ్లలోకి దించి, మామయ్య సామాను కోసం బరంపురం వెళ్లాడు. నేను గట్టుమీద ఇంజను పుస్తకం చదువుకుంటున్నాను. ఒడియా కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"బాబూ, బోటురే పాణి! బహుత పాణి!"

పడవలో పని, చాలా పని. ఎంత శ్రద్ధ గల మనిషి అనుకున్నాను. "పనుంటే మామయ్య వచ్చాక చేద్దాం, కూర్చో" అని పక్కన చోటు చూపించాను. నావంక అదోలా చూసి కూర్చున్నాడు.

సాయంత్రం మామయ్య వచ్చేసరికి లాంచీ సరస్సు అడుగున కూర్చుని ఉంది. లోతు తక్కువ కనక పైకప్పు కనిపిస్తోంది.

"ఏట్రా ఇది?"

"పని ఉందన్నాడు మామయ్యా..."

"ఓరి నీ సదువు తగలెయ్య! పాణంటే నీల్లురా!" అని ఇసుకలో కూలబడ్డాడు. "నా నౌకరీ ములిగిపోనాది."

మర్నాడు జాలర్ల సాయంతో లాంచీని అంచులు నీటిపైకి తేలేదాకా గట్టువైపు లాగి, కాపలాదారుతో కలిసి ముగ్గురం డబ్బాలతో తోడాం. తోడిన నీరు మళ్లీ రాలేదు. ఎండకు ముడుచుకున్న చెక్కలు నాని ఉబ్బి సందులు మూసుకున్నాయి. మామయ్య అడుగంతా అరచేత్తో తడిమి చూశాడు. "ఏటా వారం తోడేవోణ్ని. ఈసారి సుక్క రాదేటి?"

ఇంజను బిగించాం. అధికారి సరస్సు మధ్యలో ఒక దీవి దాకా వెళ్లొచ్చి, లాంచీ ఇంత బాగా ఎవరు సిద్ధం చేశారని అడిగారు. మామయ్య నన్ను ముందుకు తోశాడు. "మా మేనల్లుడండీ. బాగా సదువుకున్నోడు."

లాంచీ ఉండిపోయింది, మామయ్య కూడా చాలాకాలం ఉన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలెంతో, ఎత్తిపొడుపెంతో అడుగుదామనుకుంటూనే నేను ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు. అంచేత, మెచ్చుకున్నాడనే రాసుకుంటున్నాను.