గంప కింద బాతు

మా అత్తకు కోళ్ల గురించి తెలియనిది లేదు, బాతుల గురించి తెలిసింది లేదు. ఆ మాట ఆమెతో అనే ధైర్యం నాకప్పుడు లేదు. కోదాడ నుంచి సూర్యాపేటకు కాపురానికొచ్చి ఆరు నెలలైంది. ప్రత్యేక తెలంగాణ గొడవలు సద్దుమణిగి బస్సులు మళ్లీ సరిగ్గా తిరుగుతున్న ఏడు అది. పుట్టింట్లో నా నోటికి అందరూ జడిసేవాళ్లు. ఇక్కడ నేను నోరు తెరిస్తే చాలు, "ఆంధ్రోళ్ల లెక్క మాట్లాడ్తది మా కోడలు" అని మా అత్త నవ్వేది, వాకిట్లో ఎవరుంటే వాళ్లూ నవ్వేవాళ్లు. నాకేమో కోపం ముక్కు మీదుంటుంది. కోపమొస్తే అరవడానికి లేని చోట మాట్లాడటమే మానేశాను.

కాపురానికి వచ్చేటప్పుడు మా నాన్న ఒక బాతుపిల్లను బుట్టలో పెట్టి ఇచ్చాడు. బస్సులో నా ఒళ్లోనే వచ్చింది. నత్తలు ఏరి, తవుడు తడిపి పెట్టి పెంచాను. రాత్రి ఎడ్ల కొట్టంలో పడుకునేది, పగలంతా స్నానాల నీళ్లు నిలిచే గుంటలో మునిగి తేలేది. నేను పెరట్లోకి వస్తే వెనకాలే నడిచేది. ఆ ఇంట్లో నా మాట విని నవ్వనిది అదొక్కటే.

పెద్దగా గోల చేసే రకం కాదు. అలాంటిది ఆ చలికాలం ఉన్నట్టుండి గొంతు పెంచింది. పొద్దెక్కింది మొదలు సాయంత్రం దాకా ఒకటే అరుపు. పక్కింటామె దిష్టి అంది. మా అత్త ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు మేమిద్దరం దగ్గాం తప్ప బాతు నోరు మూయలేదు. గొంతులో ఏదో ఇరుక్కుందని ఆ మరునాడు ఆముదం పట్టించింది. దాని ఫలితాన్ని పెరడంతా తిరిగి నేనే కడిగాను.

"గుడ్డన్న పెడ్తదనుకున్న, అదీ లేదు," అంది మంగళవారం నాడు. "ఐతారం బిడ్డ, అల్లుడు మిర్యాలగూడ నుంచి వస్తున్నరు. కోసి కూరొండుదం. లొల్లి ఖతమైతది."

మా ఆయనతో చెబితే "అమ్మనడుగు" అని ఎడ్లను తోలుకుని పొలం పోయాడు.

గుడ్ల విషయంలో మా అత్తకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే గూడు తెరిచి కోళ్ల కడుపు ఒక్కొక్కటే తడిమి చూసేది. గుడ్డుకొచ్చిన దాన్ని గంప కింద మూసి, పెట్టాకే వదిలేది. లేకపోతే అది పోయి ఎవరి గడ్డివాములోనో పెట్టి వస్తుంది. ఊళ్లో అందరూ చేసే పనే. బాతు పొట్ట కిందికి జారిందని వారం పైగా దాన్నీ అలాగే మూస్తోంది. మధ్యాహ్నం దాకా చూసి, గుడ్డు లేదని తిట్టి వదిలేది. గంప కింద ఏ కోడైనా గోల చేస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వదిలాక కూడా అరవడమే వింత.

బుధవారం నేను పనులన్నీ పెరట్లోనే పెట్టుకున్నాను. బియ్యం చెరుగుతున్నా, చింతపండులో గింజలు తీస్తున్నా కళ్లు బాతు మీదే. గంప ఎత్తగానే అది నీళ్లకు పోలేదు, తవుడు వంక చూడలేదు. నేరుగా కొట్టం దగ్గరికి ఉరికి, తడిక ముందు నిలబడి అరవడం మొదలుపెట్టింది. ఎడ్లు పొలం పోగానే ఆ తడిక కట్టేస్తాం. సాయంత్రం అవి తిరిగొచ్చి తడిక తీయగానే లోపలికి దూరింది, అరుపు ఆగిపోయింది. పొద్దుగూకింది కాబట్టి ఊరుకుందని ఇన్నాళ్లూ అనుకున్నాం.

గురువారం కోడి కూయకముందే లేచి కొట్టంలోకి వెళ్లాను. మూలన విరిగిన బండి చక్రం వెనక, గడ్డిలో అది కూర్చుని ఉంది. నన్ను చూసి కాస్త జరిగింది. చెయ్యి పెడితే వెచ్చగా గుడ్డు తగిలింది. గడ్డి తప్పించి చూస్తే ఇంకా తొమ్మిది. పుట్టింట్లో బాతుల పని మా నాన్నది. గుడ్లు తినడమే గాని అవి ఎప్పుడు పెడతాయో నేను చూసిన పాపాన పోలేదు. కోడి పగలు పెడుతుంది, ఇది తెల్లారకముందే పెట్టేస్తోంది. ఎప్పుడో పెట్టేసిన గుడ్డు కోసం దాన్ని గంప కింద మూస్తున్నాం. ఆ గుడ్ల దగ్గరికి పోకుండా తడిక కడుతున్నాం. మరి అరవక ఏం చేస్తుంది? నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

చెబితే అత్త తప్పు ఎత్తి చూపినట్టు, చెప్పకపోతే ఆదివారం బాతు పొయ్యి మీదకు. తెల్లవారాక ఆమె గంప పట్టుకుని రాగానే ఎదురెళ్లి నిలబడ్డాను.

"దాన్ని మూయొద్దండి అత్తమ్మా. అది తెల్లారకముందే పెట్టేస్తోంది. వచ్చి చూడండి."

ఈసారి ఆమె నవ్వలేదు. నా వెంట కొట్టంలోకి వచ్చింది. చక్రం వెనక వంగి చాలాసేపు చూసింది. గంప పక్కన పెట్టి గడ్డి మీద కూలబడింది.

"పది దినాల సంది దీన్ని ఉత్తగనే మూస్తున్ననా," అంది. ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని, "ఇగ కొయ్యొద్దు తియ్యి. అల్లునికి గుడ్ల పులుసు పెడ్దం," అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకుందామనుకున్నాను గాని ఆమె చూడనే చూసింది.

"నీకంటె ఇదే నయం పిల్లా. దానికేం గావాల్నో అరిసి సెప్పింది. నువ్వొచ్చి ఆర్నెల్లాయె. ఒక్కనాడన్న నీకేం గావాల్నో అడిగినవా?"

"కోదాడ పోవాలనుంది," అన్నాను. అంత తొందరగా ఆ మాట నోట్లోంచి వస్తుందని నేనే అనుకోలేదు.

"ఐతారం గడిసినంక పో. నాలుగు దినాలుండి రా. మీ నాయినకు గుడ్లు పట్కపో. బాతును నేను సూస్త."

సోమవారం బస్సెక్కాను. నాలుగు రోజులని వెళ్లినదాన్ని మూడో రోజే తిరిగొచ్చాను. కొట్టం తడిక తీసే ఉంది, గంప కింద కోడి మాత్రమే ఉంది. అప్పుడే ఎందుకొచ్చావని మా అత్త అడిగితే బాతు మీద బెంగ అన్నాను. ఆమె మీద కూడా బెంగపడ్డానని చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.