చింతచెట్టుకు నాదీ పూచీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పులుసంటే నిమ్మకాయ పులుసే. ఈ దీవిలో మా ఊరు వునిమోలి, అక్కడ నిమ్మచెట్లకేం కొదవలేదు. కానీ మా నాయన రెండు ముద్దలు తిని, "ఇది పులుపే గానీ పులుసు కాదే" అని నిట్టూర్చేవాడు. మా అమ్మకు ఒళ్లు మండేది. చింతపండు కోసం సముద్రం ఈదమంటావా అని కసురుకునేది.

నిజానికి చింతచెట్టు ఒకటుంది. నాటింది మా నాయనే. కూలికని సొంత దేశం వదిలి ఓడెక్కేటప్పుడు మా నాయనమ్మ మూటలో పెట్టిచ్చిన చింతపండులో నాలుగు గింజలు మిగిలాయట. అవి గిరిమిట్ రోజులు, అంటే కంపెనీకి అయిదేళ్లు కట్టుబడి కూలి చేయాల్సిన రోజులు. మా మీద పెత్తనం చేసే తెల్లదొరను కులంబర్ అనేవాళ్లు. ఆయన మా నాయన చేతి చలవ చూసి, చెరకు చేలోంచి తీసి తన బంగళా తోటకు పెట్టుకున్నాడు. అక్కడి మందారాలు, క్రోటన్లు, పనసలు అన్నీ మా నాయన నాటినవే. వాటి వెనకాల, దొర కంటపడని మూలన ఆ గింజలు పాతితే ఒక్కటి బతికింది. గిరిమిట్ తీరి, కౌలుకు చేను పట్టి, మేము వునిమోలికి వచ్చేశాం. చెట్టును మూట కట్టుకుని రాలేం కదా! అక్కడే ఉండిపోయింది.

కొన్నేళ్లకు కబురొచ్చింది. మా నాయన తరవాత ఆ తోట చూస్తున్నాయన మా నాయనతో ఒకే ఓడలో వచ్చినవాడు. నేను ఓడమామ అనేదాన్ని. కొత్త దొర ఆ కాయని చెట్టును కొట్టెయ్యమన్నాడనీ, ఆఖరిసారి చూసుకోవాలంటే రమ్మనీ ఆయన చెప్పి పంపాడు. మా నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారగానే నన్ను వెంటబెట్టుకుని నడక మొదలుపెట్టాడు.

తోటలో అడుగుపెట్టగానే మనిషి మారిపోయాడు. ప్రతి మొక్కనూ తడిమి పలకరించాడు. మందారాన్ని ఇలాగేనా కత్తిరించేది అని ఓడమామను తిట్టాడు కూడా. చింతచెట్టు దగ్గరికొచ్చాక మాత్రం మానుకు చెయ్యానించి నిలబడిపోయాడు.

మా పెద్దవాళ్ల ఊళ్లలో కాయని చెట్టును బెదిరించే ఆచారం ఒకటుండేది. ఒకరు గొడ్డలెత్తి నరికేస్తానంటారు. ఇంకొకరు అడ్డం పడి, వచ్చే ఏడు కాస్తుంది, నాదీ పూచీ అని బతిమాలతారు. చెట్టు భయపడి కాస్తుందని నమ్మకం. ఎలాగూ పోయే చెట్టే కదా, అదీ చేసి చూద్దామనుకున్నారు వాళ్లిద్దరూ. నేను పూలేరుకుంటూ ఆ మాటలేవీ వినలేదు.

ఓడమామ గొడ్డలెత్తాడు. "ఏమే, ఇన్నేళ్లు నీళ్లు తాగావు, ఒక్క కాయన్నా కాశావా? ఇదిగో, నరికేస్తున్నా!" అని గట్టిగా అరిచాడు. మా నాయన బతిమాలాలి. ఆయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. నాకు ప్రాణం పోయినట్టయింది. పరుగున వెళ్లి మానును వాటేసుకున్నాను. "వద్దు మామా! నీకు దణ్ణం పెడతాను, కొట్టొద్దు! ఎప్పుడో ఒకప్పుడు కాస్తాది మామా!" అని ఒకటే ఏడుపు.

ఆ గోలకు దొర వరండాలోకి వచ్చాడు. ఓడమామ గొడ్డలి దించి, ఈ పిల్ల చెట్టుకు పూచీ పడుతోంది దొరా అని హిందీలో చెప్పాడు. దొర నన్ను కాసేపు చూసి, సరే, ఒక్క ఏడాది అని లోపలికి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు, నువ్వెందుకు నాయనా మాట్లాడలేదు అని అడిగాను. కూలీలుండే లైన్లలో, ఆ వరస కొట్టాల్లో, జ్వరంతో ఉన్నవాళ్లను పనికి ఈడ్చొద్దని, కొట్టొద్దని కులంబర్లను ఎంతో బతిమాలానన్నాడు. ఒక్కడూ వినలేదట. "ఆ మాట నా గొంతులోనే అరిగిపోయిందమ్మా" అన్నాడు. అప్పుడు మా నాయన మీద నాకు పుట్టిన జాలి ఇన్నేళ్లయినా తగ్గలేదు.

ఇక ఆ ఏడాదంతా నాకు బెంగే. అటు వెళ్లే వాళ్లందరితోనూ చెట్టు కాసిందా అని అడిగి పంపేదాన్ని. మీ చెట్టు నిద్రపోతోందని ఓడమామ వేళాకోళంగా కబురు పెట్టేవాడు. చివరికి ఒకరోజు ఆయనే వచ్చాడు, అరిటాకులో చుట్టిన గుప్పెడు వంకరటింకర చింతకాయలతో. ఆ పూట మా అమ్మ పులుసు పెట్టింది. మా నాయన ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కంచం ముందుకు జరిపి, ఇంకాస్త పొయ్యవే అన్నాడు.

చింత కాపుకొచ్చే వయసు అదేనని తరవాత చాలామంది చెప్పారు. చెప్పనీండి, నాకేం! ఇప్పటికీ ఎవరింట్లోనైనా పనికిరాడని కొడుకును గెంటేస్తున్నా, కోడల్ని పుట్టింటికి పొమ్మంటున్నా నేను పోయి మధ్యలో నిలబడతాను. ముసలిది మళ్లీ చెట్టు పట్టుకుందిరా అని మా మనవలు నవ్వుతారు. అన్నిచోట్లా నా మాట సాగదు. అయినా అడుగుతూనే ఉంటాను. మా నాయన అడిగీ అడిగీ అలిసిపోయాడు, నేనింకా అలిసిపోలేదు.