నూలు కొసల దిండు

అమ్మ చేతిలోంచి కాఫీ లోటా జారి కిందపడింది. లోటా పడినందుకు కాదు నాకు భయం వేసింది, పడిన సంగతి ఆమెకు కాసేపటిదాకా తెలియనందుకు. "ఇంకా పట్టుకోనే ఉండాననుకున్నా మే" అంది, ఉత్త చేతిని తిప్పి చూసుకుంటూ. పెళ్ళయినప్పటి నుంచి మగ్గం మీద లుంగీలు నేసిన కుడి చెయ్యి అది.

తిరుత్తణి దగ్గర మా ఊళ్ళో జరిగింది ఇది. ఆ సాయంత్రమే ఆమెను బస్సెక్కించి, తిరుత్తణిలో రైలెక్కించి, తిరువళ్ళూరులో మా ఇంటికి తీసుకొచ్చేశాను. డాక్టరు ఫోటోలు తీయించి చూశాడు. మెడలో ఎముకలు అరిగి నరం నొక్కుకుంటోందన్నాడు. రోజూ మెడకు వ్యాయామం చేయించాలి, తల కింద ఎత్తు తగ్గించాలి, అన్నిటికన్నా ముందు మనిషి కంటినిండా నిద్రపోవాలి. ఇలా కొన్ని వారాలు చేస్తే చెయ్యి కుదుటపడుతుంది, చెయ్యకపోతే ఉన్న పట్టు కూడా పోతుంది అని చెప్పాడు. వ్యాయామం చేయించేవాళ్ళు మా పక్కవీధిలోనే ఉన్నారు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు లేరు. కాబట్టి అమ్మ మా ఇంట్లో ఉండి తీరాలి.

ఉంటాననే అంది. వారం తిరక్కముందే మాట మార్చింది. పొద్దున నేను లేచేసరికి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది, ఎర్రబడ్డ కళ్ళతో.

"నిద్ర పట్టలా మే. నన్ను ఊరికి పంపించెయ్యి" అనేది.

"ఊరికి పోతే చెయ్యి యాడ బాగవతాది?"

"అయినకాడికి అవతాది. నిద్ర లేకుండా ఎన్నాళ్ళుండేది?"

నాకొక గుణం ఉంది. మనిషికి ఏ ఇబ్బంది వచ్చినా చుట్టూ ఉన్న సామానులో తప్పు వెతుకుతాను. అన్నం సహించకపోతే బియ్యం మారుస్తాను, కోపం వస్తే కుర్చీ జరుపుతాను. మా ఆయన దీనికి నవ్వి, "నీకు జ్వరమొస్తే థర్మామీటరును మార్చేస్తావు మే" అంటాడు. ఆయన అన్నాడని ఊరుకుంటానా? తప్పంతా దిండుదేనని తేల్చేశాను.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. మా వాళ్ళలో అప్పట్లో మేనమామను చేసుకోవడం మామూలే. అందుకే నేను ఇప్పటికీ ఆయనను మామా అనే పిలుస్తాను. అమ్మమ్మకు ఒంట్లో బాగాలేని రోజుల్లో పుట్టినవాడు కాబట్టి, ఎత్తుకుని తిప్పింది, అన్నం పెట్టింది, నిద్రపుచ్చింది అంతా మా అమ్మే. మగ్గం పక్కన చాప వేసుకుని ఒకే దిండుకు చెరో కొస తల పెట్టుకుని పడుకునేవాళ్ళట. మా పెళ్ళిరోజు మాత్రం అమ్మమ్మ అమ్మను పక్కకు పిలిచి, "ఇంక నీకు వాడు తమ్ముడు గాదు, అల్లుడు. మర్యాదగా నడుచుకో" అని చెప్పిందట. అమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆ పూటనుంచి ఆయనకు కూర్చోండి, తినండి తప్ప ఇంకో మాట లేదు. ఎదురుగా వస్తే లేచి నిలబడేది. ఆయన మాత్రం అక్కా, అక్కా అంటూనే ఉన్నాడు. మొదట్లో నవ్వాడు, పోట్లాడాడు, తర్వాత అలవాటు పడిపోయాడు.

సరే, దిండు దగ్గరికి వద్దాం. మా ఇంట్లో ఉన్నవి కంపెనీ దిండ్లు, తల పెట్టగానే దిగిపోతాయి, మెడ దగ్గర మాత్రం ఉబ్బుతాయి. అవి పనికిరావని పక్కన పెట్టేశాను. చెన్నైలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఫోనులో చూసి ఇంకోటి పంపింది. నురుగు దిండు, మధ్యలో పల్లం, రెండు వైపులా మెట్ట. మెడనొప్పి వాళ్ళకే చేసినదట. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో నొక్కి, చెయ్యి తీసి చూసింది.

"చెయ్యి తీసినా గుంట అట్నే ఉండాదే! మనిషి లేచిపోయినా తల యాడ పెట్టిందో చెప్తాది ఇది" అంది. ఆ దిండుతో పొసగలేదు. పొద్దునకల్లా అది మంచం కాళ్ళ వైపు ఉండేది.

తర్వాత నేనే బజారుకు పోయాను. పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర కూర్చుని ఇలవం పంజుతో, అంటే బూరుగు దూదితో, ఒకటి కుట్టించుకొచ్చాను. అది తల కింద మరీ ఎత్తయింది. ఎత్తయితే తగ్గించుకోవచ్చు కదా, అందులో ఉన్న సుఖమే అది. ఒక పక్క కుట్లు విప్పి, రోజుకొక పిడికెడు దూది తీసేదాన్ని. అమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల వైపు నిలబడి, ముక్కూ రొమ్మూ ఒక్క వరసలో ఉన్నాయా అని ఒక కన్ను మూసి చూసేదాన్ని. భుజానికీ చెవికీ మధ్య ఉన్న సందును దిండు నింపాలి, అంతకన్నా ఎత్తు ఉండకూడదు, తక్కువా ఉండకూడదు. అమ్మ బక్కమనిషి, భుజాలు చిన్నవి. తీసేకొద్దీ ఇంకా తీయాల్సి వచ్చేది.

ఆ దూది మా ఇల్లంతా తిరిగింది. ఫ్యాను మీద, దేవుడి పటాల మీద, అమ్మ కొప్పులో. మామ ఒకరోజు తన మజ్జిగలోంచి ఒక పోగు తీసి నాకు చూపించి, "దిండు చిక్కిపోతా ఉండాది, నేను లావైపోతా ఉండాను" అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్విందే కానీ మర్నాడు పొద్దున అవే ఎర్రటి కళ్ళు, అదే మాట. "పట్టలా మే. పంపించెయ్యి."

ఆ రోజు వ్యాయామం దగ్గర ఆమెను ఒక రబ్బరు బంతి నొక్కమన్నారు. వేళ్ళు ముడుచుకున్నాయి కానీ బంతి నొక్కుకోలేదు. నిద్ర లేకపోతే చెప్పిందేదీ పనిచేయదని వాళ్ళూ అన్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఊళ్ళో ఉన్న ఆమె సొంత దిండు తెప్పించడం. కావాలనే దాన్ని అక్కడ వదిలేసి వచ్చాను, ఎందుకంటే అది దిండు కాదు, రాయి. మా నేతవాళ్ళు చేసే తెలివితక్కువ పని ఒకటుంది. ఇంట్లో నూలు పెట్టుకుని దూది కోసం బజారుకు పోవడమా అని మా పెద్దవాళ్ళకు పంతం. పడుగు అయిపోయాక మగ్గం మీద మిగిలే నూలు కొసలన్నీ ఏరి దిండులో కూరేవాళ్ళు. కొత్తలో బాగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి దారమంతా అట్టకట్టి, తల పెడితే టక్కుమంటుంది. పల్లం కనిపించినచోటల్లా మళ్ళీ కూరుతారు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు రెండో రోజు ఉండరంటే దిండే కారణమని నాన్న నవ్వేవాడు. నాన్న పోయాక మగ్గం అమ్మేసింది కానీ, దిండును మాత్రం అమ్మ వదల్లేదు.

ఎత్తు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు నిద్ర పట్టనీ అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే మామ దానికోసం ఊరికి బయలుదేరాడు.

మామూలుగా మధ్యాహ్నాలు వ్యాయామానికి పోయిరావడంతోనే సరిపోయేది. ఆ రోజు వాళ్ళకు సెలవు కాబట్టి, అన్నాలు తిన్నాక అమ్మ మంచం మీద వాలింది. నేను గిన్నెలు తోమి వచ్చేసరికి ఒత్తిగిలి పడుకుని, కాళ్ళు చాపుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. వీధిలో కూరగాయల బండివాడు మైకులో టమాటా, టమాటా అని అరుస్తున్నాడు. ఆమె కదల్లేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు. దూది దిండు ఎట్టకేలకు కుదిరిందన్నమాట! టేపు తెచ్చి ఆమె తల పక్కన దిండు ఎంత ఎత్తుందో కొలిచాను. మళ్ళీ మరిచిపోతానేమోనని మంచం పక్క గోడ మీద పెన్సిలుతో గీత కూడా గీశాను. ఆ గీత ఇప్పటికీ ఉంది. మామ వచ్చినవాళ్ళకల్లా చూపిస్తాడు.

సాయంత్రం కాకముందే మెట్ల మీద మామ చెప్పుల చప్పుడైంది. మైకుకు లేవని మనిషి ఆ చప్పుడుకు దిగ్గున లేచింది. మంచం దిగి, కొంగు సర్దుకుని, గోడ పక్కన నిలబడింది. మెడ పట్టేసిందేమో, ఒక చేత్తో నొక్కుకుంటోంది.

నేను పెన్సిలు గీత వైపు చూశాను. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ నేను కొలిచింది దేన్నో. హాలు కాక మా ఇంట్లో ఒకటే గది. అమ్మకు ఆ గదిలో మంచం వేసి, ఆమె పక్కన కింద నేను పడుకుంటున్నాను. మామ హాల్లో చాప మీద. గాలి హాలు కిటికీలోంచే రావాలి కాబట్టి తలుపు తీసే ఉంచుతాం. మంచం మీదినుంచి చూస్తే చాప కనిపిస్తుంది.

"మామ కింద పండుకుంటాడనా నీకు నిద్ర పట్టంది?" అని అడిగాను.

ఆమె దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. నేను వదల్లేదు.

"అల్లుడు నేల మీద పండుకోని ఉంటే" అంది చివరికి, "నేను ఆయన కండ్లెదురుగా మంచమెక్కి కాళ్ళు చాపుకునేదా? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"నువ్వు చంకనేసుకోని పెంచిన తమ్ముడే కదమ్మా!"

"అది పెండ్లికి ముందర. ఇప్పుడు అట్ల కుదరతాదా? వద్దు మే, నన్ను పంపించెయ్యి. చెయ్యి పోతే పోనీ."

నాకు కోపం పొంగుకొచ్చింది. చెయ్యి పోతే పోనీ అనే మాట ఎంత తేలిగ్గా అన్నదో అని. ఏదో అరవబోయి తలెత్తితే, గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు, చంకలో దిండు మూటతో. అంతా విన్నాడని మొహమే చెబుతోంది.

మూట విప్పి, దిండును హాల్లో చాప మీద వేసి, దాని మీద తల పెట్టుకుని పడుకున్నాడు. టక్కుమని వినిపించింది.

"అక్కా, అంగట్లో పొద్దంతా నిలబడి నాకూ మెడ పట్టేస్తా ఉండాది. ఈయమ్మ దూదితో నాకు కుదరలా. దీన్ని పెరికి నాకూ ఒకటి చేసియ్యి" అన్నాడు.

అడిగింది అల్లుడు. కాదనడానికి లేదు. అమ్మ గుమ్మం దాకా వచ్చి, కాసేపు ఆగి, హాల్లోకి వచ్చి కింద కూర్చుంది. నేను బ్లేడు తెచ్చి కుట్లు విప్పాను. లోపల దారం పొరలు పొరలుగా అతుక్కుపోయి ఉంది. పై పొర ముదురు నీలం. దాని కింద ఆకుపచ్చ, గళ్ళ లుంగీలది. ఇంకా కిందికి పోతే ఒక మెరూన్, ఇప్పుడెవరూ కట్టని రంగు. అమ్మ ఆ అట్టలను ఒళ్ళో వేసుకుని విడదీయడం మొదలుపెట్టింది. కుడిచేత్తోనే. మేము చెప్పలేదు, ఆమె చూసుకోలేదు. లోటా నిలవని ఆ వేళ్ళలో దారం నిలిచింది. మామ నా వైపు చూశాడు. నేను సూదికి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగి దారం కనిపిస్తే కదా.

ఒక దిండు రెండయింది. రెండోదానికి మామ పాత లుంగీయే గలీబు. సగానికి సగం తగ్గేసరికి, డాక్టరు చెప్పిన ఎత్తు దానంతటదే వచ్చేసింది. దారం కూడా విడదీసినాక మెత్తబడింది. మామ ఒకటి తీసుకుని తల కింద పెట్టుకున్నాడు.

"సరిపోయిందా చూడక్కా."

అమ్మ ఆయన తల దగ్గరికి జరిగింది. మెడ కింద వేళ్ళు దూర్చి చూసింది. "కొంచెం ఎత్తుగా ఉండాది" అని ఒక పిడికెడు తీసి, మళ్ళీ చూసింది.

"ఇప్పుడు నువ్వు పండుకో. నీది నేను చూస్తా" అన్నాడు ఆయన.

అమ్మ ఒకసారి నా వైపు చూసింది, ఒకసారి ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ అక్కడే ఉన్నట్టు వాకిలి వైపు చూసింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అది నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

ఆ తర్వాత వైద్యం ముగిసేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది, హాల్లో చాప మీదే పడుకుంది, లోటా ఇప్పుడు చేతిలో నిలుస్తుంది. అవన్నీ మెల్లగా జరిగినవి. నాకు కళ్ళకు కట్టినట్టు ఉండేది మాత్రం ఆ సాయంత్రమే. అమ్మ తమ్ముడికి కొంచెం ఎడంగా, తన సగం దిండు మీద తల పెట్టుకుని పడుకుంది. మొదట మోకాళ్ళు ముడుచుకునే ఉంది. ఎత్తు చూద్దామని నేను టేపు తీసుకుని లేవబోతే, మామ వద్దని చెయ్యి ఊపాడు. కాసేపటికి ఆమె కాళ్ళు మెల్లగా చాచుకున్నాయి. కళ్ళు మూసుకునే ఉంది.

"రే" అంది. "ఆ ఫ్యాను కొంచెం తగ్గించరా. చలేస్తా ఉండాది."

మామ లేచి వెళ్ళి ఫ్యాను తగ్గించాడు. తగ్గించి, బటను మీద చెయ్యి అలాగే ఉంచి గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. అక్కడేం చేస్తున్నావని అడగబోయి, భుజాలు చూసి ఊరుకున్నాను. అమ్మకు అప్పటికే నిద్ర పట్టేసింది.