నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు, సంచిలో ఉబ్బిన బ్యాటరీలతో

తొంభైల చివర, పెళ్ళిళ్ళకు వీడియో తీసి బతుకుతున్న రోజులవి. నా కెమెరాకున్న రెండు లిథియం అయాన్ బ్యాటరీలూ చార్జింగ్ నిలుపుకోవడం లేదని ఇంట్లో గొణిగాను. టార్చిలైటు సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టడం మా ఇంటి వైద్యం. "ఎండ తగిల్తె పాణమొస్తది బిడ్డా" అని బాపు నా కెమెరా బ్యాటరీలనూ రెండు రోజులు ఇంటి రేకుల మీద ఆరబెట్టాడు. రెండూ పూరీల్లా ఉబ్బాయి. మహబూబ్‌నగర్‌లో కెమెరాలు బాగుచేసే మెకానిక్‌కు ఫోన్ చేశాను. "నొక్కొద్దు, పొడవొద్దు, చెత్తల పడెయ్యొద్దు. మెల్లగ నా దగ్గరికి తే, పాతవాటితోని కలిపి కంపెనీకి పంపుత. అంటుకుంటె మాత్రం ఆపలేవు" అన్నాడు. ఆ చివరి మాట నన్ను వదల్లేదు.

పొద్దున ఆరింటికి నల్లగొండలో దేవరకొండ బస్సెక్కాను. చెబితే దించేస్తారని కండక్టర్‌కు చెప్పలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు గుంతలో పడ్డ ప్రతిసారీ పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కన మేకపిల్లను ఎత్తుకున్న ఒకామె "గంత గట్టిగ పట్టుకున్నవ్, బంగారమా అన్నా?" అని నవ్వింది. నేనూ నవ్వినట్టు చేశాను.

ఎనిమిదిన్నరకు దేవరకొండలో దిగేసరికి భయం నా బుద్ధిని తినేసింది. బస్టాండు పక్కనే లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే ఖాజా భాయ్ కొట్టు కనబడింది. పీడ వదులుతుందని ఒక బ్యాటరీ అతని చేతిలో పెట్టాను. మెకానిక్ చెప్పిన సంగతి దాచాను. "జర చూద్దాం, లోపల సీసమెంతుందో" అంటూ, రోజూ చేసే పనే కాబట్టి, అతను దాన్ని బండ మీద పెట్టి సుత్తి ఎత్తాడు. "భాయ్, వద్దు!" అని నేను అరిచేలోపే దెబ్బ పడింది. బుస్సుమని పొగ, వెంటనే మంట. అతను వెనక్కి పడ్డాడు. కనుబొమ్మలు మాడిపోయాయి. ఇద్దరం ఇసుక ఎత్తి పోస్తుంటే అది మళ్ళీ మళ్ళీ రాజుకుంది.

చల్లారాక అడిగాడు: "నీకు ముందుగాలనే ఎరుకనా?"

తలూపాను.

"నా కండ్లు పోతుండె గద భయ్యా! ఒక్క మాట చెప్తె నీదేం పోతుండె?"

సిగ్గుతో చచ్చిపోయాను. తిడుతూనే అతను రెండో బ్యాటరీని ఇసుక నింపిన రేకు డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ పోయే బస్సు తొమ్మిదిన్నరకు వచ్చింది. ఎక్కేముందే కండక్టర్‌కు అంతా చెప్పాను. ఆయన ముందు సీట్లు రెండు ఖాళీ చేయించాడు. "తలుపు కాడ కూసో. పొగొస్తె చెప్పు, బండి ఆపి అందర్ని దించుత" అన్నాడు. టికెట్ ఇస్తూ అడిగాడు: "పొద్దుగాల బస్సుల గూడ చెప్పినవా?" టికెట్ జేబులో పెట్టుకుని, డబ్బాతో తలుపు దగ్గర కూర్చున్నాను.

మధ్యాహ్నం ఒకటిన్నరకు మెకానిక్ ఆ డబ్బాను కొట్టు బయటే నీడలో దింపించాడు. రానుపోను ఛార్జీలకు వంద నోటు సరిపోయింది. మీకు నా సలహా ఒక్కటే: ఉబ్బిన బ్యాటరీతో బస్సెక్కకండి, దాన్ని ఇంటికి దూరంగా, నీడలో, ఇసుకలో ఉంచి, పాతవి తీసుకునేవాళ్ళకు ఫోన్ చేసి ఏం చేయాలో అడగండి. ఖాజా భాయ్ నన్ను కడుపారా తిట్టాడు, ఆ బాకీ తీరింది. పొద్దుటి బస్సులోని వాళ్ళు మాత్రం ఏమీ తెలియకుండానే క్షేమంగా దిగి వెళ్ళిపోయారు. వాళ్ళ బాకీ ఇంకా అలాగే ఉంది.