నాన్న సొంతంగా బిగించిన తలుపులు

మా చిన్నప్పుడు... శుక్రవారం వచ్చిందంటే నాన్న కారు కిందే ఉండేవారు. బహ్రెయిన్‌లో, గుదైబియాలో మా బిల్డింగు వెనక ఇసుకలో గోనెపట్టా పరుచుకుని, పాత లుంగీ కట్టుకుని దూరిపోయేవారు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపించేవి. పక్కన అమ్మ సత్తు డేకిసా, దాన్నిండా నల్లటి ఆయిల్... అంతకుముందు వారం దాకా అందులో పప్పు ఉడికేది!

కాకినాడ నుంచి వచ్చిన అకౌంటెంటు మా నాన్న. ఆఫీసులో పెద్ద మేనేజరు దేశం వదిలి వెళ్తూ తన పాత జర్మన్ కారు చవగ్గా ఇచ్చేసి వెళ్ళాడు. తోలు సీట్లు... బటన్ నొక్కితే దిగే అద్దాలు... ఒక్క తాళం తిప్పితే నాలుగు తలుపులకీ పడే లాక్. కానీ గ్యారేజీకి తీసుకెళ్తే మా జీతానికి అందేది కాదు. అందుకని అన్నీ తనే నేర్చుకున్నారు. ఏసీ బాగుచేస్తే అద్దం దిగదు, అద్దం దిగితే హారన్ మోగదు. అమ్మ ఆ కారుని "మీ నాన్న రెండో సంసారం" అనేది.

ఆ తలుపుల లాక్ సన్నటి రబ్బరు గొట్టాల్లో గాలి లాగితే పనిచేసేది. గొట్టాలు ఎండి చీలిపోతే, నాన్న చేపల తొట్టెకి వాడే గొట్టం కొనుక్కొచ్చి బిగించారు. తాళం తిప్పగానే నాలుగూ టక్కున పడ్డాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ కిందికి తీసుకెళ్ళి చూపించి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

ఆగస్టు నెల... శుక్రవారం మధ్యాహ్నం. హూరాలో ఒక కోల్డ్ స్టోర్ ముందు ఆపారు నాన్న. ఇక్కడ కిరాణా కొట్టుని అలాగే అంటారు. ఎండలకి ఎవరూ కారు దిగరు... హారన్ కొడితే కొట్టువాళ్ళే వచ్చి కిటికీలోంచి సామాను అందిస్తారు. మా హారన్ ఆ వారం మూగబోయింది. ఇంజన్, ఏసీ ఆన్‌లో ఉంచి నాన్న దిగారు, వెనకే నేనూ దిగాను. మూడేళ్ళ మా తమ్ముడు చిన్నా వెనక సీట్లో నిద్రపోతున్నాడు. పెరుగు డబ్బా తీసుకుని వచ్చేసరికి నాలుగు తలుపులూ వాటంతటవే లాక్ పడిపోయి ఉన్నాయి. తాళం లోపలే ఉంది.

నాన్న నవ్వారు. "కంగారు పడకమ్మలూ... బిగించింది నేనే కదా, తియ్యడం నాకు తెలీదేంటి?"

బట్టల హ్యాంగరు అడిగి తీసుకుని, తీగ వంచి అద్దం సందులో దూర్చారు. కొట్టు భాయ్ బయటికొచ్చి, "సాబ్, షీషా తోడ్ దో" అన్నాడు. అద్దం పగలగొట్టెయ్యమని.

"రుకో భాయ్, హో జాయేగా." ఆగు, అయిపోతుందని నాన్న.

నిలబడ్డ చోటే ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. దాంతో ఏసీ కూడా పోయింది. చిన్నా లేచాడు... అద్దానికి చేతులు ఆనించి ఏడుపు. "వచ్చేసింది నాన్నా, వచ్చేసింది" అని వాడికి చెబుతూ నాన్న తీగ తిప్పుతూనే ఉన్నారు. "పగలగొట్టు నాన్నా!" అని నేను అరిచాను. "ఇంకొక్క నిమిషం" అన్నారు. కాసేపటికి వాడి ఏడుపు ఆగింది. సీటు మీదికి జారిపోయాడు.

వెనక ఆగిన కారులోంచి ఒక బహ్రెయినీ పెద్దాయన దిగి, లోపలికి తొంగి చూశాడు. "వలద్! వలద్!" పిల్లాడు, పిల్లాడు అని అరుస్తూ తన డిక్కీలోంచి వీల్ స్పానర్ తెచ్చి ముందు అద్దం మీద ఒక్కటి వేశాడు. అంతే... ఒక్క దెబ్బ పని అది.

చిన్నా బతికాడు. కానీ వేడికి మెదడు దెబ్బతిందన్నారు డాక్టర్లు. గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పేవాడికి మాట పోయింది, ఫిట్స్ మొదలయ్యాయి. ఈరోజుకీ అమ్మ కలిపి పెడితేనే అన్నం తింటాడు.

అమ్మ అరవలేదు. ఆస్పత్రి వరండాలో ఒక్కటే అడిగింది. "అద్దం పోతే ఇంకోటి వస్తుంది కదండీ... ఎందుకు ఆగారు?" నాకు తెలుసు... తను చేసిన పని తన మాట వినడం లేదని నాన్న ఒప్పుకోలేకపోయారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

కారు తుక్కులోకి పోయింది. ఆ తర్వాత నాన్న ఇంట్లో దేన్నీ బాగుచెయ్యలేదు. బల్బు పోయినా ఎవరినో పిలిచేవారు.

ఇప్పుడు వాళ్ళంతా హమద్ టౌన్‌లో నా దగ్గరే ఉంటున్నారు. మొన్న చిన్నా బొమ్మ లారీకి చక్రం ఊడింది. ముప్పై దాటిన నా తమ్ముడు దాన్ని తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, నాకిచ్చేసి, "షాపులో అడగమ్మా" అన్నారు.

ఈ రోజుల్లో కారు కింద దూరే నాన్నలు ఎక్కడున్నారు... చిన్న చప్పుడొస్తే బండి గ్యారేజీలో వదిలేసి వస్తున్నాం. మీ నాన్నలు ఇంట్లో ఏమేం బాగుచేసేవారో రాయండి... అన్నీ చదువుతాను. మా నాన్నకి మాత్రం చదివి వినిపించను.